కట్టిన ఫోను

నది మీది వంతెనకు ఈవలి కొసన మంచమంత కొట్టు ఒకటి ఉంది. అందులో ఇరవై ఏళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్న మనిషిని అందరూ సిగ్నలాయన అంటారు. నదికి ఆవల వేరే దేశం. మనుషులు దాటాలంటే కాగితాలు చూపించాలి. గాలికి ఆ బాధ లేదు. ఆవలి టవర్ల పిలుపు నీళ్ల మీదుగా తేలివచ్చి, ఈవలి వంటిళ్లలో, దిండ్ల కింద, చొక్కా జేబుల్లో కునుకుతున్న ఫోన్ల చెవిలో మెల్లగా ఊదుతుంది.

ఫోను ముందు తన ఇంటి నెట్‌వర్కు కోసం వెతుకుతుంది. అది వినపడకపోతే సిమ్ములో రాసిపెట్టి ఉన్న చుట్టాలను వరసగా పిలిచి చూస్తుంది. వాళ్లూ లేకపోతే గొంతు బాగా వినపడేవాళ్ల పంచన చేరుతుంది. ఎవరైనా మొహం మీదే పొమ్మంటే ఆ పేరు ఒక మూల రాసుకుని, మళ్లీ తనంతట తాను ఆ గడప తొక్కదు. సిగ్నలాయన ఇదంతా ఇంటి ఆడపడుచు గురించి చెప్పుకున్నంత మురిపెంగా చెప్పేవాడు.

ఒడ్డు దగ్గర ఇంటి నెట్‌వర్కు బలహీనం. ఆవలి దేశపు గడియారం గంట ముందు నడుస్తుంది. ఫోను అటు దూకితే అలారం గంట ముందే మోగేది. జనం స్నానాలు చేసి, తలలు దువ్వుకుని, బస్టాపులో నిలబడి, రాని బస్సును తిట్టేవారు. అందుకే కొట్టుకు వచ్చి ఫోను 'కట్టించుకునేవారు'. అతను సెట్టింగుల్లో ఆటోమేటిక్ తీసేసి ఇంటి నెట్‌వర్కు ఒక్కదాన్నే ఎంచిపెట్టేవాడు. ఇక ఆ ఫోను ఇంకెవరు పిలిచినా పలకదు. ఇల్లు వినపడని చోట మూగదై కూర్చుంటుంది. వంతెన దాటేవాళ్లకు మాత్రం, వెళ్లేముందు విప్పించుకోమని తప్పకుండా చెప్పేవాడు.

అతనికి ఒక్కతే చెల్లెలు, నూలు మిల్లులో పని. ఆమె భర్త ఊళ్లో పాలవ్యాను నడిపేవాడు. ఉన్నచోట ఉండడని, సిగ్నలాయన అతనికి 'రూటు లేని బస్సు' అని పేరు పెట్టాడు. అన్నం దగ్గర కూడా అలాగే పిలిచేవాడు. అతను నవ్వి ఊరుకునేవాడు.

కిందటేడు ఆ బస్సుకు రూటు దొరికింది. ఆవలి ఒడ్డు శీతల గిడ్డంగికి లారీ తోలడం, వారంలో మూడు రోజులు అక్కడే. ఆ మూడు రోజులూ అతని ఫోను పలికేది కాదు. అక్కడికి వెళితే చచ్చిపోతుందని చెప్పేవాడు. ఒకసారి తూకం దగ్గర కూర్చునే ఆవిడ ఫోను అడిగి చేశాడు. వెనక ఎవరో ఆడమనిషి నవ్వడం చెల్లెలు విన్నది. ఆ నవ్వును పమిటచెంగున ముడివేసుకున్నట్టు తెచ్చి అన్న ముందు విప్పింది.

"ఆవలంతా టవర్లేనమ్మా," అన్నాడు సిగ్నలాయన. "ఫోను దానంతటది చావదు. మనిషి చంపితే చస్తుంది."

అదే మాట మేనమామల ముందు, పిన్నమ్మల ముందు మళ్లీ చెప్పాడు. ఫోను ఎవరిని ముందు వెతుకుతుందో, ఎవరి పంచన చేరుతుందో అరగంటసేపు విడమరిచాడు. అందరూ తలలూపారు. భర్త నేల చూస్తూ, తనకవేమీ తెలియవని, నొక్కితే పలకదని, అంతేనని గొణిగాడు. ఈసారి వెళ్లినప్పుడు ఫోను రాకపోతే విడిపోతానని చెల్లెలు తేల్చేసింది.

ప్రయాణమయ్యే రోజు పొద్దున్నే అతను కొట్టుకు వచ్చాడు.

"ఒక్కసారి చూడు బావా. ఈసారి పలక్కపోతే నీ చెల్లెలు నాకు దక్కదు."

సిగ్నలాయన మీటల ఫోను అందుకుని సెట్టింగుల్లోకి వెళ్లాడు. ఆటోమేటిక్ లేదు. ఇంటి నెట్‌వర్కు పక్కన చిన్న చుక్క, మేకు కొట్టినట్టు.

అతని వేలికి అంతా గుర్తొచ్చింది. పాలవ్యాను రోజుల్లో, అలారం ముందే మోగి ప్రాణం తీస్తోందని, చెల్లెలే ఈ ఫోను తెచ్చింది. కబుర్లాడుతూ తనే కట్టాడు. అప్పుడు ఇతను వంతెన దాటేవాడు కాడు, కాబట్టి విప్పించుకోమని చెప్పలేదు.

చెబితే ఒక్క నిమిషం పని. కానీ మేనమామల తలలు ఇంకా కళ్లముందు ఊగుతూనే ఉన్నాయి. అతను ఆటోమేటిక్ నొక్కాడు. నేటినుంచి ఎలాగూ మోగుతుంది, ఎవరికీ తెలియకుండానే అంతా సర్దుకుంటుంది అనుకున్నాడు.

"ఫోనుకేం లేదు."

"మరి అక్కడ పలకదేంటి బావా?"

"ఫోనుకేం లేదన్నానుగా. ఉంటే మనిషికే ఉండాలి."

చెల్లెలి భర్త ఫోనును రెండు చేతులతో తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. తప్పు ఎక్కడుందో తనలోనే వెతుక్కుంటున్నవాడిలా లారీ ఎక్కాడు.

మర్నాడు భోజనాల వేళ మిల్లులో చెల్లెలి ఫోను మోగింది. ఆవలి ఒడ్డు నుంచే మాట్లాడుతున్నానని, వినపడుతోందా అని, భర్త పిల్లాడిలా అడిగినదే అడిగాడు. ఆమె విన్నంతసేపు విని పెట్టేసింది. జుట్టులో దూది పోగులతోనే కొట్టుకు వచ్చింది. ఆమె మొహంలో కోపం లేదు. కడిగిన గిన్నెలా ఉంది.

"చూశావా అన్నయ్యా. వదిలేస్తానంటే పలికింది. అంటే ఇన్నాళ్లూ పలకగలిగి కూడా పలకలేదు."

సిగ్నలాయన నోరు తెరిచాడు. మాట పెదవి దాకా వచ్చింది.

"నువ్వు చెప్పబట్టి కళ్లు తెరిచాను," అంది ఆమె. "లేకపోతే ఇంకా నమ్ముతూనే ఉందును."

అతను బల్ల మీది స్క్రూడ్రైవరు తీసి డబ్బాలో పెట్టేశాడు.

లాయరుకు ఒక కాగితం కావాలట. భర్త ఫోను పరీక్షించాను, అందులో ఏ లోపమూ లేదు అని తెలిసినవాళ్లు రాసివ్వాలట. నీకంటే తెలిసినవాళ్లెవరని చెల్లెలు అడిగింది. అతను కొట్టు పేరున్న కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. రెండో వరసలో ఉండగా ఆమె ఫోను మళ్లీ మోగింది, ఆవలి ఒడ్డు నుంచే. ఆమె మోత ఆపేసి దాన్ని అద్దం బల్ల మీద బోర్లా పెట్టింది. అది వణుకుతూ, అంగుళం అంగుళం జరుగుతూ వచ్చి అతని మోచేతికి తగిలింది. అతను చెయ్యి జరుపుకుని సంతకం చేశాడు.

"తేదీ కూడా వెయ్యి అన్నయ్యా," అంది చెల్లెలు.

వేశాడు.