తాతయ్య పెట్టని బెల్లం

నా చిన్నప్పుడు చెరకు ఆడే రోజుల్లో బడి విడవగానే నా పరుగు ఇంటికి కాదు, మా తాతయ్య బెల్లం వండే పాకకి. పెనం దించాక ఆయన బాదమాకులో ఇంత వేడి బెల్లం పెట్టి ఇచ్చేవాడు. దాని ముందు ఏ మిఠాయీ పనికిరాదని ఇప్పటికీ పోట్లాడతాను.

తాతయ్య బెల్లం నల్లగా ఉండేది. పాకంలో మురికి తీయడానికి బెండకాడలు దంచిన జిగురు తప్ప ఇంకేదీ వేసేవాడు కాదు. అందుకోసమే చేను గట్టున బెండ వేసేవాడు. కానీ అనకాపల్లి మార్కెట్లో అందరికీ పచ్చగా మెరిసే దిమ్మలే కావాలి. ఒకసారి ఆయన తీసుకెళ్లిన బెల్లమంతా అమ్ముడుపోక బండిలోనే తిరిగొచ్చింది. చేలో ఇంకా సగం చెరకు నిలబడే ఉంది.

ఆ మర్నాడే మా మాస్టారు ‘డిస్‌గ్రేస్‌ఫుల్’ అనే మాట చెప్పి, దానితో సొంతంగా ఒక వాక్యం రాసుకురమ్మన్నారు. నాకేమీ తోచక పాకకెళ్లి తాతయ్యనే పట్టుకున్నాను.

“ఏటమ్మా దానర్థం?” అన్నాడు.

“సిగ్గుమాలినదని తాతా. మామూలు తప్పుకి అనకూడదంట. మరీ అసయ్యమేసినప్పుడే అనాలంట.”

పొయ్యి పక్కన కొత్త డబ్బా ఒకటుంది. ఆయన మూత తీసి అందులోని తెల్లటి మందుపొడి పాకంలో చల్లాడు. ఘాటుకి నాకు దగ్గొచ్చింది. చూస్తుండగానే నల్లటి పాకం పచ్చబడింది. నేను చప్పట్లు కొట్టి, ఎప్పటిలాగే ఆకు పట్టుకుని నిలబడ్డాను. తాతయ్య ఆ ఆకు నా చేతిలోంచి లాక్కుని పొయ్యిలో పడేశాడు.

“ఇది నువ్వు తినీది కాదు తల్లీ, ఊరోళ్లకి అమ్మీది. నీ మాటకి ఇంతకన్నా ఏటి కావాల? రాసీసుకో.”

నాకు భయమేసింది. అంత ఓడిపోయిన మొహంతో ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ వాక్యం నేను రాయలేదు.

ఆ బెల్లం మార్కెట్లో దించీ దించగానే అమ్ముడుపోయింది. ఆ మీదట గట్టున బెండ వెయ్యలేదు. తాతయ్య పోయేదాకా ఆ డబ్బా పొయ్యి పక్కనే ఉంది, ఆయన మాత్రం బెల్లం ముక్క నోట పెట్టలేదు.

తర్వాత నేనూ ఇంగ్లీషు టీచర్నయ్యాను. పిల్లలు ఆ మాటని టీవీలో కనబడ్డ ప్రతివాడి మీదా విసురుతుంటే, పనిని అనండర్రా, మనిషిని అనకండి అని బతిమాలేదాన్ని. ఉదాహరణ చెప్పమంటే మాత్రం పాఠం మార్చేసేదాన్ని.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నదీ పచ్చటి దిమ్మే. మా వీధి కొట్లో మరో రకం దొరకదు. మనవరాలు ముక్క కోసం చెయ్యి చాపితే పొయ్యిలో కాలిన ఆ ఆకు గుర్తొస్తుంది. తాతయ్య నా ఒక్కదాని చేతిలోంచే లాక్కోగలిగాడు. మిగతాది ఊరోళ్లు తిన్నారు. ఆ ఊరోళ్లలో ఇప్పుడు నా మనవరాలూ ఉంది.