సగం పసుపు రంగు గింజ

మా బడి పిల్లకు మార్కులు కోసిన ఆ న్యాయనిర్ణేత మొహం నాకింకా గుర్తుంది. మరిచిపొమ్మని మా హెడ్మాస్టరు చాలాసార్లు చెప్పారు. అది నాకు చేతకాదు.

హుస్నాబాద్ దగ్గర ఒక బడిలో జీవశాస్త్రం చెబుతాను. మరమగ్గం నడిపేవాళ్ల బిడ్డ ఒకతె, తొమ్మిదో తరగతి, చర్మం ఎలా తయారవుతుందో అట్ట మీద చింతగింజలతో చూపించింది. అడుగు వరుసలోని, పొట్టు తీసిన తెల్ల గింజలు మూలకణాలు. అవి కింది పొరను గట్టిగా పట్టుకుని ఉంటాయి. కొన్ని చర్మమయ్యే దారి పట్టి, ఆ పట్టు వదిలి, పైకి జరుగుతూ పసుపు రంగుకు మారతాయి. చివరికి చచ్చి, ఒళ్లు రుద్దుకుంటే రాలిపోతాయి. అందుకని పైవరుసకు గింజల పొట్టు అంటించింది. అడుగు వరుసలో ఒక్క గింజకు మాత్రం సగం పసుపు రంగు వేసింది.

కరీంనగర్‌లో జిల్లా ప్రదర్శన. గెలిస్తే రాష్ట్రస్థాయి పోటీకి పంపుతారు. పిల్ల అప్పటికే మేనత్త దగ్గర బ్యాగు అడిగి తెచ్చుకుంది.

న్యాయనిర్ణేత వచ్చి, ముందు కాగితం మీద ఏదో రాసుకుని, తర్వాత అట్ట వైపు చూశాడు.

“మూలకణమంటే ఏందమ్మా?”

“మూలకు కూసున్న కణం సార్.”

ఆయన నవ్వాడు. “మూల కాదు బిడ్డా, మూలం. మొదలన్నట్టు. మీ టీచర్ గిట్లనే చెప్పిందా?”

“మొదలే సార్. కని దాని జాగల అది ఉన్నన్ని దినాలే మొదలు. గందుకే మూల అన్న.”

“సరే తియ్. గీ గింజకు రంగు తప్పు వడ్డది.”

“తప్పు గాదు సార్. అది ఇంక కిందనే ఉన్నది, కని చర్మం కావాల్నని లోపట్నే అనుకున్నది. ఇగ ఎనుకకు రాదు.”

“కణాలు గూడ అనుకుంటయా?”

నేను ఊరుకోలేకపోయాను. “పట్టు ఇడువకముందే లోపట ఫైసలా అయితది సార్. పిల్ల చెప్పేది గదే.”

“మేడం, పోటీ మీకు కాదు. జర ఆగుండ్రి.”

ఆగాను. కానీ ఆయన చేతిలోని కాగితం చూశాను. మా అట్టకు ఎదురుగా ఉన్న మార్కుల గడి ఎప్పుడో నిండిపోయింది. ఆ తర్వాత ఆయన చేసింది ‘రంగు తప్పు’ అని పక్కన రాయడమే.

పాల్గొన్నందుకు ఒక సర్టిఫికెట్ ఇచ్చి పంపారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు కుదుపులకు పైవరుస పొట్టంతా పిల్ల ఒళ్లో రాలింది. అడుగు వరుస గింజ ఒక్కటీ ఊడలేదు.

మార్కులు మళ్లీ చూడమని జిల్లా విద్యాశాఖ ఆఫీసులో అర్జీ పెట్టాను. నెల చూసి ఆఫీసుకు వెళితే గుమాస్తా తల ఎత్తకుండానే, “అది మూలకు పడ్డది మేడం” అన్నాడు.

మర్నాడు ఆ మాట చెబితే పిల్ల పకపకా నవ్వింది. “మూలకు ఉంటే మంచిదే గద టీచర్. ఇంక ఖరాబు కాలేదన్నట్టు.”

నాకు నవ్వు రాలేదు. వచ్చే ఏడు తనది పదో తరగతి. పరీక్షలని మా బడిలో పదో తరగతివాళ్లను పోటీలకు పంపరు. ఆ బ్యాగు మేనత్తకు తిరిగి ఇచ్చేసింది.

రెండో అర్జీ రాశాను. బహుమతి అడగలేదు. ఆ గింజకు రంగు సరిగ్గానే వేసిందని, ఆ న్యాయనిర్ణేత చేత్తోనే రాయించి ఇమ్మన్నాను.