నా లారీలో పిండి ఎక్కదు

నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి వరకే. అయినా పాత ఇనుము, చెత్త మోసే బండ్లకు లైసెన్సు ఉండాలని రూలు వచ్చినప్పుడు ఈ పట్నంలో అందరికన్నా ముందు ఆ పరీక్ష రాసి పాసైనవాణ్ణి నేనే. "చెత్త మొయ్యడానికి కూడా చదువేంటి?" అని తోటి డ్రైవర్లు నవ్వారు. తర్వాత వాళ్లే మా వరండాలో కూర్చుని ఆ పాఠాలు నా దగ్గర చెప్పించుకున్నారు. లోడు మీద పట్టా కప్పకుండా నేను ఒక్క వీధి దాటలేదు. ఎత్తిన చోటా, దించిన చోటా చీటీ మీద సంతకం లేకుండా ఒక్క రేకుముక్క మొయ్యలేదు. లైసెన్సు ఎన్నిసార్లు తిరగరాయించినా దాని మీద మచ్చ లేదు. పిల్లల్ని పెంచింది, ఇల్లు కట్టింది ఆ పాత ఇనుము మీదే. ఇది గొప్ప చెప్పుకోవడమే అయితే, చెప్పుకుంటాను.

బండి తలుపుల మీద "వ్యర్థాల రవాణా" అని, కింద నంబరుతో రాయించాలి. పెయింటరు నా మీద జాలిపడ్డాడు. "చిన్న అక్షరాలు వేస్తాలే పెద్దాయనా, చుట్టాలు చూస్తారు" అన్నాడు. వీధి చివర నుంచి చదివేట్టు రాయమన్నాను. ఆ రోజు నుంచి చుట్టాలందరికీ నేను చెత్త బావను, చెత్త మామయ్యను అయ్యాను. ఎవరింటికి వెళ్లినా లారీని దూరంగా పెట్టమనేవారు. అందులో మొదటివాడు మా చెల్లెలి భర్త, పిండిమర బావ. ఎప్పుడూ తెల్లచొక్కానే వేస్తాడు. పిండి పడినా కనపడదని అతని లెక్క.

ఈ లైసెన్సులో ఒక షరతు ఉంది. చెత్తకు రాయించిన బండిలో మనుషులు తినే సరుకు ఎక్కించకూడదు. ఎక్కిస్తే లైసెన్సు రద్దు. ఆ షరతు కోసం నేను నా తోడబుట్టిన దానితోనే తగవు పడ్డాను.

ఒకరోజు పొద్దున్నే బావ వ్యాను మొరాయించింది. మధ్యాహ్నంలోగా పెద్దాసుపత్రి వంటగదికి పిండి చేరకపోతే కాంట్రాక్టు ఇంకొకరి చేతికి పోతుంది. నేను కాదననన్న ధీమాతో అతను బస్తాలను తోపుడుబండి మీద మా గుమ్మానికే తోలించి, వెనకే చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. లారీ గుమ్మం ముందే ఉంది. ఆ రోజు దాన్ని దూరంగా పెట్టమని ఎవరూ అనలేదు.

"తాళాలివ్వు బావా. గంటలో తెచ్చి నిలబెడతా."

"అందులో పిండి ఎక్కదు బావా."

"కడిగితే సరి."

"పొద్దున కడిగిందే. కడిగితే కంటికి పోతుంది. మొన్న పాత బ్యాటరీలు మోశాను. అడుగు చెక్కలు యాసిడ్ తాగి కూర్చున్నాయి. ఇదిగో, నా బూటు చూడు." బూటు అడుగు జల్లెడలా ఉంది.

"నీ బూటులో పోస్తానన్నానా? బస్తాల్లో ఉంది కదా. కింద పట్టా పరుద్దాం."

"ఆ పట్టా కూడా చెత్తదే."

చెల్లెలు అందుకుంది. "ఎవరు చూస్తారన్నయ్యా? ఒక్క ట్రిప్పు. నీకు లైసెన్సు ఎక్కువా, నేనెక్కువా?"

"నువ్వే ఎక్కువమ్మా. ఆసుపత్రిలో ఈ పిండి తినేవాడు కూడా ఎవరికో ఎక్కువే."

"ఇంటి ముందు లారీ పెట్టుకుని మమ్మల్ని వీధిన పడేస్తావా?" అన్నాడు బావ.

"ఇన్నేళ్లూ అది మీకు చెత్త బండి. ఇవాళ పల్లకీ అయిందా?"

నేను మొహం కడుక్కుందామని పెరట్లోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి లారీ వెనక తలుపు తెరిచి ఉంది. బావా, తోపుడుబండి తోలుకొచ్చిన మర కూలీ కలిసి అప్పటికే మూడు బస్తాలు లోపల వేసేశారు. నాలుగోది కూలీ భుజాన ఉంది.

లారీ ఎక్కాను. ఆ మూడూ ఎక్కించడానికి ఇద్దరు కావలసి వచ్చింది, దించడానికి నేనొక్కణ్ణే సరిపోయాను. తడి చెక్కల మీద ఆనిన చోట బస్తా గుడ్డకు పచ్చటి మరక పట్టింది. దాన్ని బావ మొహం ముందు పెట్టాను. అతను వేలితో తాకబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఈ మూడూ పక్కన పెట్టు. మర నుంచి వేరే మూడు తెప్పించు" అన్నాను.

మా ఆవిడ ఇంట్లోని ఉతికిన దుప్పట్లన్నీ తెచ్చి మిగతా బస్తాల కోసం వరండాలో పరిచింది. ఆమె మాట్లాడకుండా పని చేస్తోందంటే నా పక్షాన ఉన్నట్టే. నేను మలుపు దగ్గరికి వెళ్లి, పాలు పోసి ఖాళీగా తిరిగి వెళ్తున్న వ్యానును ఆపాను. ఆ డ్రైవరు వాళ్లన్న నా దగ్గర లైసెన్సు పాఠాలు నేర్చినవాడు.

"మీ లారీ ఊరికే ఉంది కదా పెద్దాయనా?"

"దాని పని వేరు. నువ్వు వెనక్కి తిప్పు."

వ్యాను వచ్చాక బస్తాలను వీపు మీద వేసుకుని నేనే ఎక్కించడం మొదలుపెట్టాను. చెల్లెలు కంగారు పడింది. "వద్దన్నది నువ్వే, మోసేదీ నువ్వేనా? ఈ వయసులో ఎందుకన్నయ్యా?"

"బండి ఇవ్వనన్నాను. వీపు ఇవ్వనన్నానా?"

పిండి వేళకు చేరింది. కాంట్రాక్టు నిలబడింది. సాయంత్రం బావ వచ్చి, వరండా మూల ఉన్న మూడు బస్తాల వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను వాటిని ఒక్కొక్కటే మోసి లారీలో వేసి, పట్టా కప్పి తాడు బిగించాను.

"ఇప్పుడెక్కిందేం పిండి?" అన్నాడు.

"ఇది పిండి కాదు బావా, చెత్త" అని చీటీ అతని చేతిలో పెట్టాను. "చెత్త ఎవరిది, మీ పిండిమరది. సరుకు, పాడైన పిండి. ఇక్కడ సంతకం పెట్టు. అది లేకుండా నా బండి కదలదు."

తెల్లచొక్కా జేబులోంచి కలం తీసి సంతకం పెట్టాడు.