సర్వర్ పడ్డప్పుడు నువ్వేం చేస్తున్నవ్?

ఆదయ్యకు ప్రపంచంలో తెలిసిన ప్రశ్న ఒక్కటే: "సర్వర్ పడ్డప్పుడు నువ్వేం చేస్తున్నవ్?" 2008లో సిరొంచలో ఈ ప్రశ్న తప్పించుకున్న మనిషి లేడు.

కిష్టన్న నడిపే దరఖాస్తుల సెంటర్‌కు సాఫ్ట్‌వేర్ రాసింది ఆదయ్యే. మూల గదిలోని సర్వర్ ఏడాది పాటు బుద్ధిగా నడిచింది. రెండో కౌంటర్ తెరిచి సోనుబాయిని కూర్చోబెట్టాక మాత్రం చెప్పాపెట్టకుండా ఆగిపోసాగింది. ఒకరోజు మూడుసార్లు పడేది, తర్వాత వారం దాకా ఏమీ ఎరగనట్టుండేది.

"ఆమె చెయ్యి పడ్డంకనే గిట్లయితుంది," అన్నాడు కిష్టన్న. "శనివారం దాంక చూస్త. అప్పటికీ గిట్లనే ఉంటే వేరేటోళ్లను పెట్టుకుంట."

సోనుబాయి తన కౌంటర్‌లోంచే ఆ మాట విన్నది. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో కంప్యూటర్ నేర్చుకుని సంపాదించుకున్న కుర్చీ అది.

ఆదయ్య రిజిస్టర్ పట్టుకుని బయల్దేరాడు. ముందు చాయ్ అమ్మే లింగక్క దొరికింది.

"సర్వర్ పడ్డప్పుడు నువ్వేం చేస్తున్నవ్ అక్కా?"

"చాయ్ పోస్తున్న."

"ఏ చేత్తోని?"

"నీ తలకాయ! ఎడమ చెయ్యితోని ఎవలన్న పోస్తరా?"

'కుడి చెయ్యి' అని రాసుకున్నాడు. ఆష్టి బస్సు కండక్టర్‌ను అడిగాడు. ఒక పెళ్లికొడుకును పందిట్లోనే పట్టుకుని అడిగాడు. సెంటర్ మెట్ల మీద పడుకునే మేక ముందు ఐదు నిమిషాలు నిలబడి, 'నెమరేస్తుంది' అని రాసుకున్నాడు. దాని మీద అనుమానం తీరడానికి రెండ్రోజులు పట్టింది.

సోనుబాయిని మాత్రం అడగలేదు. నేనేనని ఖాయం చేసుకున్నడు, ఇగ అడుగుడెందుకు అనుకుని ఆమె కుమిలిపోయింది.

శనివారం పొద్దున ఆదయ్య రెండు కౌంటర్ల మధ్య నిలబడ్డాడు. మొదటి కౌంటర్లో మొదట్నుంచీ పనిచేస్తున్న త్రివేణి, రెండో దాంట్లో సోనుబాయి.

"నేను ఊఁ అనంగనే ఇద్దరు ఒక్కపారే దరఖాస్తు పంపే బటన్ కొట్టుండ్రి."

కొట్టారు. ఏమీ కాలేదు. అలా పదహారుసార్లు కొట్టారు. కిష్టన్న ఆవులించాడు. పదిహేడోసారి సర్వర్ పడిపోయింది.

"పడ్డది!" అని ఆదయ్య గంతులేశాడు. సర్వర్ పడితే సంబరపడ్డ మనిషిని సిరొంచ చూడటం అదే మొదటిసారి.

"ఇద్దరు ఒక్కపారే సర్వర్ లోపల ఒకే గదిలాంటి జాగలకు జొరబడుతుండ్రు సార్. ఒకలు రాసేదాని మీదనే ఇంకొకలు రాస్తుండ్రు. ఒకలు లోపలుంటే గొళ్లెం పడాలె. ఆ గొళ్లెం పెట్టుడు నేను మర్చిన. ఒక్క కౌంటరే ఉన్నన్ని రోజులు బయటపడలె."

"అంటే చెయ్యి తప్పు కాదా?"

"చెయ్యి తప్పే సార్. నాది."

కిష్టన్న గొంతు సవరించుకున్నాడు. "సోనుబాయ్, సోమవారం జర జల్ది రా," అని లోపలికి వెళ్లిపోయాడు.

సోనుబాయి కోపం అప్పుడు బయటికొచ్చింది. "మేకను గూడ అడిగినవ్. నన్నెందుకు అడగలె అన్నా?"

"సార్ ఎట్లాగూ నిన్నొక్కదాన్నే అంటుండె గదా చెల్లె. నేను గూడ అడిగితే ఊరంత నీ దిక్కే చూస్తరు. గందుకే అందర్నీ అడిగిన. ఎవల పరేషాన్‌ల వాళ్లున్నరు."

నిజమే. ఆ వారమంతా ఊళ్లో ఒక్కరూ సోనుబాయి పేరెత్తలేదు. ఆ టైంకు తామేం చేస్తున్నారో గుర్తు తెచ్చుకోవడంతోనే అందరికీ సరిపోయింది.

ఏడుపు రావాల్సిన చోట సోనుబాయికి పక్కున నవ్వొచ్చింది.

"ముందు పోయి గొళ్లెం పెట్టు అన్నా," అంది.