ఎర్ర రిబ్బను లేని చెయ్యి

ఆకాశంలో ఎంత మొనగాడైనా విమానానికి నేలమీద వెనక్కి నడవడం రాదు. గేటు దగ్గర నిలబడ్డ ఆ మహాకాయాన్ని ట్రాక్టరుతో నెట్టాలి. నెడుతున్నంతసేపూ ముక్కుచక్రం పక్కన ఒకాయన నడుస్తాడు. చెవులకు హెడ్‌సెట్టు, దాన్నుంచి విమానం పొట్టలోకి పొడుగాటి తీగ. ఆ తీగ పుణ్యమా అని ఆయనకు తోకాయన అని పేరు పడింది. పందొమ్మిదేళ్లుగా ఆ బిరుదుకు మచ్చ రానివ్వలేదు.

భార్య పోయి రెండేళ్లు. ఇంట్లో రెండు కుర్చీలు. ఒకదాంట్లో ఆయన కూర్చుంటాడు, రెండోదాంట్లో ఉతికిన బట్టలు కూర్చుంటాయి. రోజు మొత్తంలో ఆయనకు మాటా మంతీ ఆ తీగలోనే. బ్రేకులు వదిలారా అని ఈయన అడిగితే, వదిలామని పైలట్ అనేవాడు. సరస సల్లాపమేమీ కాదు గాని, అడిగినదానికి జవాబంటూ వచ్చేది. ట్రాక్టరు నడిపేవాడు సొంత బావమరిదే. అక్క పోయాక వాడూ మాట తగ్గించేశాడు. ఇద్దరూ ఒకే విమానాన్ని నెడుతూ, ఎవరి దిగులు వారు మోసుకునేవారు.

నెట్టడం అయ్యాక ఒక తంతు ఉంది. ట్రాక్టరుకూ విమానానికీ మధ్యనున్న ఇనుప కడ్డీ విప్పాలి. ముక్కుచక్రం పైలట్ మాట వినకుండా గుచ్చిన పిన్ను పీకాలి. ట్రాక్టరు వెళ్లిపోవాలి. ఆపైన తోకాయన తీగ ఊడదీసుకుని, పక్కకు నడిచి, ఆ పిన్నుకున్న ఎర్ర రిబ్బను పైకెత్తి చూపాలి. అది చూశాకే విమానం కదలాలి. పైలట్‌కు తన ముక్కు కింద ఏముందో కనపడదు మరి. పెద్ద హోదాల్లో ఉన్నవారందరికీ ఉన్న జబ్బే అది.

ఆ మధ్యాహ్నం పైలట్ ఒక ఆవిడ. ఇక విప్పేయండి అని చెప్పాక, తీగలో ఆవిడ గొంతు మళ్లీ వినిపించింది.

"ఎండ మండిపోతోంది కదండీ. భోంచేశారా?"

ఆ ప్రశ్న విని రెండేళ్లయింది.

"ఇంకా లేదమ్మా. తింటాను."

"తినండి మరి. వెళ్లొస్తాం."

ఆయన తీగ ఊడదీసుకుని, పక్కకు నడిచి, చుట్టాన్ని వీధి చివరిదాకా సాగనంపినవాడిలా చెయ్యెత్తాడు. ఆ చేతిలో రిబ్బను లేదు. పిన్ను చక్రానికే ఉంది. ముక్కు కింద బావమరిది వంగి, బిగుసుకుపోయిన కడ్డీతో కుస్తీ పడుతున్నాడు. పైనున్నవారూ చెయ్యి చూశారే గాని రిబ్బను వెతకలేదు. బదులుగా చెయ్యి ఊపారు. ఇంజన్ల హోరు పెరిగింది.

ఆగమని చెబుదామంటే తీగ ఆయన చేతిలోనే వేలాడుతోంది. తోకాయన విమానానికి ఎదురుగా పరుగెత్తి, తలపైన రెండు చేతులూ అడ్డంగా పెట్టి నిలబడ్డాడు. విమానం జానెడు కదిలింది. కడ్డీ కిర్రుమంది. విమానం ఆగింది.

బావమరిది లేచి, మోకాళ్లు దులుపుకుని, ఆయనవైపు చూశాడు.

విచారణలో అధికారి మంచివాడు. ఎండదెబ్బ అని రాసిస్తే గొడవ వదులుతుందని సలహా కూడా ఇచ్చాడు. తోకాయన మాత్రం ఉన్నదున్నట్టు రాశాడు: భోంచేశారా అని అడిగారు, సంతోషంలో చెయ్యెత్తాను. అధికారి రెండుసార్లు చదివి, ఫారంలో సంతోషానికి గడి లేనందువల్ల, దాన్ని ఇతర కారణాల కింద చేర్చాడు.

ఆయన హెడ్‌సెట్టు తీసేసుకున్నారు. ఆయన్ని రెక్క చివర కాపలా పెట్టారు, నెట్టేటప్పుడు అది దేనికీ తగలకుండా చూడ్డానికి. అక్కడ తీగ లేదు, మాట లేదు. తోక తెగినా పేరు మాత్రం తెగలేదు.

అక్కడ మొదటిరోజు, నెట్టడానికి ముందు, బావమరిది ట్రాక్టరులోంచి తల బయటపెట్టి ఏదో అరిచాడు. హోరులో వినపడలేదు గాని, పెదవులు తెలిసిపోయాయి.

"బావా, తిన్నావా?"

తోకాయన చెయ్యి నడుందాకా లేచింది. అక్కడ ఎత్తిన చెయ్యి పలకరింపు కాదు, విమానాన్ని కదపడానికి అనుమతి. చెయ్యి దించేసి, గట్టిగా తల ఊపాడు. అంత దూరానికి తల ఊపడం కంటికి ఆనదు. బావమరిది జవాబు కోసం చూసి చూసి, వేళవుతోందని తల లోపలికి తీసుకున్నాడు.