నాలుగు గొంతుల పాటలో కింది గొంతు

నారాయణగూడలో ఆడవాళ్ల బట్టలు కుట్టే నా మిత్రుడు ఈ ఏడాది వానాకాలం మొదట్లో చనిపోయాడు. సమాధి అయిన వారానికి అతని భార్య ఫోన్ చేసింది. నెల రోజులకు ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నారట. మేం మెట్ల మీద పాడే పాట ఆ రోజు పాడాలని అడిగింది. ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక గాని నాకు తట్టలేదు, ఆ పాట నాకు రాదని.

నలభై ఏళ్లు పాడిన పాట రాదంటే ఎవరూ నమ్మరు. అందుకే మేం ఎలా పాడేవాళ్లమో చెప్పాలి.

మేం నలుగురం. నాది చిక్కడపల్లి. మిగతా ఇద్దరు అశోక్‌నగర్‌లో ఉండే అన్నదమ్ములు. ఇరవై దాటిన రోజుల్లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుకుతుంటే నాకొక గ్రామఫోన్ రికార్డు దొరికింది. అట్ట లేదు, మధ్యలో కాగితం మీద అక్షరాలు అరిగిపోయాయి. అన్నదమ్ముల ఇంట్లో రికార్డు ప్లేయర్ ఉండేది కాబట్టి అక్కడికి తీసుకెళ్లాను. ఒకడు మాటలు పాడుతున్నాడు, ముగ్గురు అతని చుట్టూ మాటలు లేకుండా పాడుతున్నారు. అమెరికాలో నల్లజాతి కుర్రాళ్లు వీధి మూలల్లో, మెట్ల కింద నిలబడి పాడుకున్న పాటలవి. డూ-వాప్ అంటారని తర్వాత పుస్తకాల్లో చదివాను. వాయిద్యాలు లేవు కనుక ఆ పని కూడా గొంతులే చేస్తాయి. అన్నిటికన్నా కింద ఉండే గొంతు తాళం మోస్తుంది. అది నాది.

మా మిత్రుడు చర్చి గాయక బృందంలో పెరిగినవాడు. మాటలు పాడేది అతనే, నేర్పిందీ అతనే. రికార్డు దగ్గర ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ఎవరి భాగం వాళ్లకు పట్టించాడు. రెండోవాడి భాగం నేర్చుకోకూడదన్నది అతని నియమం. "పక్కోడిది వస్తే చెవు అటే పోతది, నోరు దాని ఎంట పోతది" అనేవాడు. కనుక అతని పాట వేలసార్లు విన్నాను గాని ఒక్కసారీ పాడలేదు.

సాధన అశోక్‌నగర్‌లో వాళ్లుండే భవనం మెట్ల మీద. రాతి మెట్లు, మూడంతస్తులు, గొంతు కలిపితే బాగా మోగేది. ఆదివారం సాయంత్రం అతను చర్చి నుంచి, నేను లైబ్రరీ నుంచి వచ్చేవాళ్లం. రెండో అంతస్తులో ఒక పెద్దావిడ కూరగాయల సంచీతో మమ్మల్ని దాటుకుంటూ పోతూ ఒకసారి ఆగింది.

"పాడేది ఆ ఒక్క పిలగాడే కదా, మిగిలిన ముగ్గురికి కడుపునొప్పా?" అంది.

అప్పటినుంచి మా మిత్రుడు నన్ను కలిసినప్పుడల్లా "కడుపునొప్పి తగ్గిందారా?" అని అడిగేవాడు. ఆసుపత్రిలో చివరి వారం కూడా అడిగాడు.

ఆ రికార్డు మీద ఒక గీత ఉండేది. రెండో చరణం నడుమ ముల్లు ఆ గీత దగ్గరికి రాగానే గెంతేది. పాడేవాడి మాట సగంలో తెగి, పాట ఒక్క అంగలో ముందుకు పోయేది. మా దగ్గర ఉన్నది ఆ ఒక్క రికార్డే. పాటే అట్లా ఉంటుందని అనుకున్నాం. అతను మాటను సగంలో తెంచేవాడు, మేం ముగ్గురం అదే క్షణాన గెంతేవాళ్లం. కుదరడానికి మూడు నెలలు పట్టింది. అన్నిటికంటే కష్టమైనది అదే కాబట్టి మాకు గర్వం కూడా దాని మీదే.

చాలా ఏళ్ల తర్వాత, ఫోన్లలో ప్రపంచంలోని పాటలన్నీ దొరకడం మొదలయ్యాక, అసలు పాట విన్నాం. గెంతు లేదు. మాట పూర్తిగా ఉంది. నాకు సిగ్గేసింది. సరిచేసుకుందామన్నాను. మా మిత్రుడు ఒప్పుకోలేదు. "వాళ్లది వాళ్లు పాడిన్రు, మనది మనం పాడదాం" అన్నాడు. నిజానికి ప్రయత్నించినా సరిచేసుకోలేకపోయేవాళ్లం. నోటికి అట్లా పడిపోయింది.

అన్నదమ్ముల్లో పెద్దవాడు ఆరేళ్ల కిందట పోయాడు. ముగ్గురమే పాడాం. అతని జాగాను ఎవరూ నింపలేదు. ఖాళీగా వదిలేశాం. పాట నడిచేది. మాటలు పాడేవాడు ఉన్నంతకాలం పాట నడుస్తుంది.

మా మిత్రుడి భార్యకు మాట ఇచ్చిన మర్నాటి నుంచి నేను అతని భాగం నేర్చుకోవడానికి కూర్చున్నాను. నా భార్య పోయి నాలుగేళ్లయింది. ఇంట్లో వినేవాళ్లు లేరు, కనుక మొహమాటం లేదు. ఫోన్‌లో అసలు పాట పెట్టుకుని వెంట పాడేవాడిని. మొదటి పంక్తి వచ్చేది. రెండో పంక్తి సగానికి గొంతు దానంతటదే కిందికి దిగి, నా పాత దారిలో పడేది. గెంతు దగ్గర మరీ అన్యాయం. నేను గెంతి ముందుకు పోయేవాణ్ని, ఫోన్‌లో వాళ్లు తాపీగా మాట పూర్తి చేసి వచ్చేవాళ్లు. నలుగురు మనుషులు పాడుతున్న పాటలో కూడా నేనొక్కణ్నే మిగిలేవాణ్ని. పదిరోజులు అట్లా గడిచాయి.

చివరికి ఆమె ఇంటికి వెళ్లి నిజం చెప్పాను. కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. పాట నాకు రాదమ్మా, కావాలంటే ఆ రోజు ఫోన్‌లోది స్పీకర్‌కు కలిపి వినిపిద్దాం అన్నాను. పెట్టి చూపించాను. ఆమె చివరిదాకా విని తల అడ్డంగా ఊపింది.

"ఇది కాదన్నా. నడుమ తెగుతది కదా, అది లేదు ఇందుల. ఇది ఎవరిదో."

"మాది తప్పమ్మా. రికార్డు మీద గీత పడింది."

"ఏమో, నాకు గదే ఎరుక. మీకెంత వస్తే అంత పాడున్రి."

అన్నదమ్ముల్లో మిగిలిన తమ్ముడు ఇప్పుడు రాంనగర్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. వెళ్లి విషయం చెప్పాను. అతనికీ మాటల భాగం రాదు. అతనిది నడిమి గొంతు, పాట పొడుగునా "ఊ" అని సాగదీయడమే.

"ఇద్దరం కడుపునొప్పోళ్లమే మిగిలినం గదరా" అన్నాడు.

ఒకసారి సరిచూసుకుందామని అశోక్‌నగర్ వెళ్లాం. అన్నదమ్ముల ఇల్లు అమ్మి చాలా కాలమైంది, అయినా మెట్లు అవే. మేం ఆనుకునే గోడకు కొత్త రంగు వేశారు. మొదలు పెట్టగానే వాచ్‌మన్ పైకి వచ్చాడు. మహబూబ్‌నగర్ వైపు మనిషి. ఎవరి ఇంటికి వచ్చారని అడిగాడు. ఎవరి ఇంటికీ కాదు, పాడుకోవడానికి వచ్చామన్నాం. అతను నమ్మలేదు గాని పొమ్మనలేదు. కింది మెట్టు మీద కూర్చుని విన్నాడు. అయిపోయాక, "పాట ఎప్పుడు షురూ అయితది సార్?" అని అడిగాడు. వెటకారంగా కాదు, మర్యాదగానే.

కూడికకు నాలుగు రోజులుంది. అంతమందిలో మేం ఆ పని చేస్తే ఆమె తలదించుకోవలసి వస్తుందేమోనని భయపడ్డాను. మానేద్దామన్నాను. తమ్ముడు మాత్రం, ఆమె వచ్చినంత పాడమంది, వచ్చింది ఇంతే, ఇందులో ఆలోచించడానికేముంది అన్నాడు.

కూడిక ఆదివారం మధ్యాహ్నం జరిగింది. ఇంట్లో కుర్చీలు చాలక కొందరు వీధిలో షామియానా కింద కూర్చున్నారు. ప్రార్థన అయింది. చర్చివాళ్లు రెండు పాటలు పాడారు, బాగా పాడారు. తర్వాత మమ్మల్ని పిలిచారు. ఏమీ వివరించకుండా మొదలుపెట్టాం.

మాటలు రావలసిన చోట ఏమీ రాలేదు. తమ్ముడు సాగదీశాడు, నేను తాళం మోశాను. వెనక వరుసలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఒకాయన మైకు పాడైందేమోనని లేచి చూశాడు. రెండో చరణం వచ్చింది. మాట తెగవలసిన చోట, తెగడానికి మాట లేకపోయినా, ఇద్దరం ఒక్కసారే గెంతాం. అది చెడలేదు. పాట అయ్యాక కొద్దిసేపు ఎవరికీ తెలియలేదు, అయిపోయిందని.

భోజనాల దగ్గర ఆమె నా వద్దకు వచ్చింది. క్షమించమని అడగబోయాను. ఆమె అడగనివ్వలేదు.

"అన్నా, చెప్తే ఏమనుకోవద్దు. ఇన్నేండ్లు మీరు పాడంగ నేను ఎన్నడూ వినలే. నా చెవుల ఆయన గొంతే ఉండేది."

"మమ్మల్ని వినాలని కాదు కదమ్మా పాడింది."

"ఇయ్యాల విన్న. ఆయన ఊపిరి తీసుకునే కాడ మీరు వస్తున్రు. ఎక్కడెక్కడ తీసుకునేటోడో అన్నీ తెలిసినయి."

ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది. నేను పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. ఆమె చెప్పింది నిజమే. కింది గొంతు గట్టిగా వినిపించేది పైవాడు ఆగినప్పుడే. అతను అట్లాగే నేర్పాడు. నేను దాన్ని తాళం అనుకున్నాను, వేరే పేరు పెట్టే అవసరం ఎప్పుడూ రాలేదు. ఆమె అడిగిన పాట ఇవ్వలేకపోయాను. ఇచ్చిందేదో ఆమె తీసుకుంది.

తమ్ముడూ నేనూ నారాయణగూడ చౌరస్తా దాకా కలిసి నడిచాం. అన్నం బాగుందన్నాడు. మోకాళ్ల నొప్పికి ఏదో కొత్త మందు వాడుతున్నానన్నాడు. రాంనగర్ ఆటో ఆగింది. ఎక్కి కూర్చుని, చేయి ఊపాడు. మళ్లీ ఎప్పుడు పాడదామని అతను అడగలేదు. నేనూ అడగలేదు. నేను చిక్కడపల్లి వైపు నడిచాను.