గ్లౌజులక్క గుర్తుపట్టిన చెయ్యి

ఆ ఫౌండ్రీలో పనిచేసే నాలుగు వందల మంది మగవాళ్ళ చేతుల కొలతలు ఆమెకు నోటికి వచ్చు. అందుకే అందరూ ఆమెను గ్లౌజులక్క అనేవారు. తోలు గ్లౌజులు కుట్టే గది ఫౌండ్రీ వెనక గోడకు ఆనుకుని ఉండేది. మూడు కుట్టుమిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, ఎండాకాలం కూడా వదలని తోలు కమురు. కొత్తగా పనిలో చేరినవాడు మొదట ఆమె దగ్గరికే రావాలి. బల్ల మీద గోధుమరంగు కాగితం పరిచి, "పెట్టు నాయనా, వేళ్ళు విడదీసి పెట్టు. దొంగతనం చేసి దొరికినవాడిలా ఆ ముడుచుకోవడమేంటి?" అనేది. రెండు చేతుల చుట్టూ పెన్సిలు గీత గీసి, కింద పేరు రాసి, ఆ కాగితాన్ని గోడకున్న మేకుకు గుచ్చేది.

పదహారో ఏట ఆ గదిలో అడుగుపెట్టిన మనిషికి నలభై నాలుగు నిండాయి. భర్త అదే ఫౌండ్రీలో కొలిమి దగ్గర పని. పిల్లలు లేరు. ఎవరైనా ఆ ఊసెత్తితే, "నాలుగు వందల మంది చేతులు పట్టుకుని కూర్చున్నాను, ఇంకా ఎవరి చెయ్యి పట్టుకోమంటారు?" అని నోరు మూయించేది.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పాక ఆమె కథలు చెప్పేది. ఎక్కువసార్లు చెప్పింది సులోచన కథ. రావణుడి కోడలు, ఇంద్రజిత్తు భార్య. పెద్ద కథలో ఆమె ఊసు పెద్దగా ఉండదు, ముసలమ్మల నోళ్ళలోనే బతికింది. గ్లౌజులక్క కూడా వాళ్ళ నాయనమ్మ నోటే విన్నది. యుద్ధంలో తెగిన మొగుడి చెయ్యి ఎగిరొచ్చి సులోచన ముందు పడిందట. "నేను నీ భార్యనే అయితే, నీకు ఏం జరిగిందో రాసి చెప్పు" అందట. ఆ చెయ్యి లేచి నేలమీద రాసిందట.

పక్క మిషను మీద కుట్టే పిల్లను బుల్లి అనేవారు. పెళ్ళై రెండేళ్ళు, చంకలో ఏడు నెలల బిడ్డ, రోజూ గదికే తెచ్చుకునేది. ఆమె మొగుడిదీ కొలిమి దగ్గర పనే. బుల్లి నోటికి అడ్డూ ఆపూ లేదు.

"మా ఆయనకి సంతకమే రాదక్కా. ఆ చెయ్యి నా ముందు పడితే వేలిముద్ర వేసి ఊరుకుంటుంది" అంది ఒకసారి.

"ఒసేయ్, నీ నోట్లో మంచి మాటే పుట్టదా?"

"అది కాదక్కా. కట్టుకున్నదానికి మొగుడి చెయ్యి గుర్తుపట్టడానికి రాత కావాలా? అదేం కాపురం?"

"గుర్తు పట్టలేక కాదే పిచ్చిదానా. నమ్మబుద్ధి కాక అడిగింది" అంది గ్లౌజులక్క.

ఫౌండ్రీలో ప్రతి మనిషికీ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఉండేది. కొలిమి వేడికి మెడలో గొలుసు ఉంచుకోలేరు కాబట్టి దాన్ని ఎడమ మణికట్టుకు తీగతో కట్టుకునేవారు. గేటు దగ్గర గుమాస్తా బిళ్ళ చూసి హాజరు వేసేవాడు, ముఖం చూసేవాడు కాదు. దాంతో ఒక అలవాటు పుట్టింది. ఒకడికి ఇంట్లో అవసరం పడితే ఇంకొకడు వాడి బిళ్ళ కట్టుకుని వాడి బదులు దిగేవాడు. తర్వాత ఎప్పుడో ఆ రోజు తిరిగి తీర్చుకునేవారు. మేస్త్రీలకు తెలుసు. ఎవరూ మాట్లాడేవారు కాదు.

బుల్లి బిడ్డకు జ్వరం నూట నాలుగు దాటి మూర్ఛ వచ్చినప్పుడు, బుల్లి మొగుడు పని మానేసి రెండు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చున్నాడు. ఆ రెండు రోజులూ అతని బిళ్ళ కట్టుకుని కొలిమి దగ్గర నిలబడింది గ్లౌజులక్క భర్తే. తన డ్యూటీ ముగించుకుని, వెంటనే ఆ డ్యూటీ చేశాడు. బిడ్డ బతికింది.

తర్వాత రెండు నెలలకు, ఒక ఉదయం పదిన్నరకు, కొలిమిలో తడిసిన ఇనుప తుక్కు పడింది. కరిగిన ఇనుము కిందికి చేరిన నీరు ఒక్క క్షణంలో ఆవిరై పదహారు వందల రెట్లకు పైగా ఉబ్బుతుంది. దానికి బయటికి పోయే దారి ఉండదు. కొలిమి పేలింది. గ్లౌజుల గదిలో మిషన్లు బల్లల మీద ఎగిరిపడ్డాయి. మేకుకు ఉన్న కాగితాలన్నీ నేల మీద పరుచుకున్నాయి.

ఆ ఉదయం గ్లౌజులక్క భర్త క్యారేజీ పట్టుకుని మామూలుగానే బయల్దేరాడు. ఆమె కొలిమి వైపు పరుగెత్తింది. కాపలావాళ్ళు దగ్గరికి రానివ్వలేదు. బుల్లి బిడ్డను ఎత్తుకుని ఆమె వెంటే ఉంది. బుల్లి మొగుడు ఆ రోజు సెలవులో ఉన్నాడు. ఉయ్యాల తెస్తానని, వాళ్ళ అన్న ఇంటికని చెప్పి తెల్లవారుజామునే బయల్దేరాడు.

"మీ ఆయనకేం కాదక్కా. నీళ్ళు తాగు. ముందు నీళ్ళు తాగు" అంటూ బుల్లి గుక్క గుక్కగా తాగించింది.

ఒంటిగంటకు ఆఫీసరు గ్లౌజులక్కను ఫౌండ్రీ వైద్యశాల వెనక గదికి పిలిచాడు. బుల్లి వరండాలోనే ఆగింది. బల్ల మీద తెల్లగుడ్డ కింద చిన్నది ఏదో ఉంది.

"అమ్మా, ధైర్యంగా ఉండాలి. దొరికింది ఇంతే. బిళ్ళ మీ ఆయనదే, నూట పన్నెండు. చూసి సంతకం పెడితే చాలు."

గుడ్డ తీశారు. మోచేతి కింది నుంచి ఎడమ చెయ్యి. గ్లౌజును వైద్యశాలవాళ్ళు కోసి తీసేశారు. తోలు ఆ వేళ్ళను కాపాడింది, మనిషిని కాపాడలేదు.

అది ఆమె భర్త చెయ్యి కాదు. ఇరవై రెండేళ్ళ కాపురం ఆ మాట ముందే చెప్పింది. ఆమె ఛాతీ ఒక్కసారి తేలికపడింది. గట్టిగా నవ్వాలనిపించింది. అప్పుడు చిటికెన వేలు కనబడింది. అది ఉంగరపు వేలి వైపుకు కొడవలిలా వంగి ఉంది. ఆ వంపు కోసమే నాలుగు నెలల క్రితం ఆమె తోలు వేరుగా కత్తిరించింది.

"మా ఆయన కాదు" అంది.

"షాక్‌లో ఉన్నావమ్మా. బిళ్ళ ఉందిగా."

ఆమె వరండాలోకి వచ్చింది. బుల్లి ఆమెను చూడగానే ఏడవడం మొదలెట్టి, ఒక చేత్తో మెడ చుట్టూ పట్టుకుంది. బిడ్డ ఇద్దరి మధ్యా నలిగి, గ్లౌజులక్క గాజులు లాగింది. ఆ పిడికిట్లో చిటికెన వేలు కూడా అలాగే లోపలికి వంగి ఉంది. తండ్రి నుంచి వచ్చినది. గ్లౌజులక్క ఆ పిడికిలిని తన అరచేత్తో కప్పేసింది.

అంతలో గేటు దగ్గర గోల. ఆమె భర్త వస్తున్నాడు, గోడ తడుముకుంటూ.

"నువ్వు చచ్చిపోయావు కదయ్యా!" అన్నాడు కాపలావాడు, వెనక్కి తగ్గి.

కొలిమి వెలుగుకు అతని చూపు ఏడాదిగా మసకబారుతోంది. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని భార్యకు కూడా చెప్పలేదు. ఆ రోజు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. కళ్ళలో వేసిన మందుకు పాపలు విచ్చుకుని, పగటి వెలుగు సూదుల్లా గుచ్చుతోంది. భార్య అతన్ని గోడ పక్కకు లాగింది.

"నీ బిళ్ళ ఎవరికిచ్చావు?"

అతను తల దించుకున్నాడు. "వాడే అడిగాడు. నేను వాడి బదులు దిగిన రెండు రోజుల్లో ఒకటి ఇవాళ తీర్చుకుంటానన్నాడు. పని దిగాక వాళ్ళ అన్న ఇంటికెళ్ళి ఉయ్యాల తెచ్చుకుంటానన్నాడు. ఇంట్లో చెప్పొద్దన్నాడు, సెలవు రోజు కూడా పనికెళ్తున్నావా అని ఆ పిల్ల గొడవ పడుతుందట."

ఆమె వరండాలో ఉన్న బుల్లి వైపు చూసింది.

"చెబితే బిళ్ళల సంగతంతా బయటపడుతుందే. నా ఉద్యోగం పోతుంది. కళ్ళ సంగతీ తెలుస్తుంది. మళ్ళీ నన్నెవరు పెట్టుకుంటారు?"

"చెప్పకపోతే?"

"నా బిళ్ళ ఎక్కడో పోయిందంటాను. వాడు సెలవులో ఉన్నట్టు రాసి ఉంది. వాడు లోపల లేనట్టే."

"లోపల లేకపోతే, మరి ఎక్కడున్నట్టు? ఉయ్యాలకని పోయి ఎవతితోనో లేచిపోయినట్టా? ఆ పిల్ల వీధి గుమ్మంలో కూర్చుని జన్మంతా ఎదురుచూస్తుందయ్యా" అంది.

భర్త చెయ్యి పట్టుకుని ఆమె అతన్ని ఆఫీసరు ముందు నిలబెట్టింది. అతను అంతా చెప్పాడు. ఆఫీసరు రిజిస్టరు తిప్పి, "నువ్వు లోపల లేవు, సరే. మరి అతనే లోపల ఉన్నాడని రుజువేంటి? సెలవు ఇక్కడ రాసి ఉంది. చేతికి నోరుంటుందా?" అన్నాడు.

గ్లౌజులక్క గ్లౌజుల గదికి వెళ్ళింది. నేలమీద పరుచుకున్న కాగితాల్లో మోకాళ్ళ మీద కూర్చుని వెతికింది. దొరికినదాన్ని తెచ్చి బల్ల మీద పరిచింది. ఆ చేతిని తానే రెండు చేతులా ఎత్తి, ఎడమ చేతి పెన్సిలు గీత లోపల పెట్టింది. వేలుకు వేలు సరిపోయింది. వంపుకు వంపు సరిపోయింది. కింద ఆమె రాసిన పేరు ఉంది. ఆఫీసరు టోపీ తీశాడు.

"ఆ అమ్మాయికి నేను చెప్పనా?" అన్నాడు.

"వద్దు. నేనే చెబుతాను."

వరండాలో బుల్లి చేతుల్లోంచి బిడ్డను తీసుకుని, బుల్లిని బెంచీ మీద కూర్చోబెట్టి, ఏ మాటా దాచకుండా చెప్పింది. తన మొగుడి కళ్ళు, బిళ్ళ, తీర్చుకోవలసిన రోజు, అన్నీ.

బుల్లి ఏడవలేదు. చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది.

"మీ ఆయనది కాదని తెలిసినప్పుడు, నీకు సంతోషమేసిందా అక్కా?"

లేదని చెప్పొచ్చు. ఎవరైనా అదే చెప్పేవారు.

"వేసిందే" అంది గ్లౌజులక్క. "చిటికెన వేలు కనబడేదాకా."

బుల్లి లేచి బిడ్డను వెనక్కి తీసుకుంది. ఇంకెవరినీ రానివ్వకుండా, ఆ చెయ్యి ఉన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

గ్లౌజులక్క భర్తను ఆ వారంలోనే పనిలోంచి తీసేశారు. బుల్లి మొగుడి పేరు చనిపోయినవాళ్ళ జాబితాలో చేరింది. రెండు నెలల తర్వాత బుల్లి తిరిగి వచ్చి తన మిషను ముందు కూర్చుంది. ఆ తర్వాత పదకొండేళ్ళు ఇద్దరూ పక్కపక్కనే కుట్టారు. మాటలు ఆగలేదు. దారం ఇయ్యక్కా, కత్తెర పదును పోయిందక్కా, వాన వచ్చేలా ఉందక్కా. క్యారేజీలో ఉన్నది కూడా పంచుకునేవారు. కానీ బిడ్డను మాత్రం బుల్లి మళ్ళీ ఎప్పుడూ ఆ గ్లౌజుల గదిలోకి తీసుకురాలేదు. గ్లౌజులక్క తీసుకురమ్మని అడగలేదు.